మన దేహానికి మనపై గల హక్కు: కదలిక

 

జుమా రోజున మనలో అనేకులు సూరె కహఫ్ పారాయణం చేస్తారు. గుహలో ఏళ్ల తరబడి నిద్రించిన యువకుల వృత్తాంతంలో ఒక చిన్న విషయం ఉంది. వారు నిద్రలో ఉండగా అల్లాహ్ వారిని కుడివైపునకూ, ఎడమవైపునకూ ఒత్తిగిలజేస్తూ ఉన్నాడన్నదే ఆ విషయం. మూడు శతాబ్దాలకు పైగా వారిని కాపాడిన ప్రభువుకు, కదల్చకుండానే కాపాడటం కష్టమా? కాదు. అయినా కదిల్చాడు. ఒకే పక్కన పడి ఉంటే నేల ఆ దేహాలను తినివేసేదని పూర్వ వ్యాఖ్యాతలు దీనికి వివరణ ఇచ్చారు. నేడు మంచం పట్టిన రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పమని ఆసుపత్రిలో నర్సులు ఇంటివారికి చెబుతారు. తిప్పకపోతే వీపున, నడుము కింద పుండ్లు పడతాయి. ఖుర్ఆన్ వైద్యగ్రంథం కాదు, దానిని అలా చదవమని మేము చెప్పము. అయితే కదలని దేహం చెడిపోతుందన్న సంగతి ప్రతి శుక్రవారం మన నాలుక మీదుగా వెళ్తూనే ఉంది.

నేటి ప్రసంగం మంచం పట్టినవారి గురించి కాదు. ఆరోగ్యంగానే ఉన్నామనుకొని ఉదయం నుండి రాత్రి వరకు కూర్చుని గడిపే మన గురించి. దేహం మనది కాదు, అమానతు. అప్పగించినవాడు లెక్క అడుగుతాడు. అందుకే ఇది వైద్యులకే వదిలివేయవలసిన విషయమని మేము తలచలేదు.

మన తాతల తరం బతికిన తీరును ఒకసారి తలచుకుందాము. పీలేరు, పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, శ్రీకాళహస్తి ప్రాంతాలలో మనవారి వృత్తులు ఏవి? దూదేకులవారు విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకారు. కళాయి పూసేవారు తిత్తినీ బొగ్గులనూ మోసుకొని వీధివీధినా ఇత్తడి పాత్రలకు మెరుగు పెట్టారు. గాజుల మలారాలు భుజాన వేసుకున్నవారు, బట్టల మూట నెత్తిన పెట్టుకున్నవారు పొద్దు పొడవక ముందే బయలుదేరి నాలుగైదు పల్లెలు చుట్టి, పొద్దు గుంకాక ఇల్లు చేరేవారు. వారికి వ్యాయామం అన్న మాటతో పని లేదు. వారి బతుకే నడక.

వారి మనుమలు నేడు ఆటో నడుపుతున్నారు, లారీ స్టీరింగ్ వెనుక కూర్చుంటున్నారు. సెల్‌ఫోన్ రిపేరు బల్ల ముందు, కుట్టుమిషను ముందు, బట్టల అంగడిలో గల్లాపెట్టె వెనుక, బెంగళూరులోనో చెన్నైలోనో కంప్యూటరు ముందు కూర్చుంటున్నారు. తాము పడ్డ పాట్లు బిడ్డలు పడకూడదని, నీడపట్టున కూర్చుని చేసే పని దొరకాలని ఆ పెద్దలే అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ వేడుకోలులో దోషమేమీ లేదు, అది నెరవేరడం అనుగ్రహమే. కానీ ప్రతి అనుగ్రహానికీ ఒక బాధ్యత ఉంటుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు ధనం గురించి అన్నారు. కొండల మాట అటుంచితే, ముందుగా కరిగేవి కండలు.

అది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా తెలుసుకుందాము. ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడతారు. కూర్చోవడం అంటే విశ్రాంతి, విశ్రాంతి వల్ల నష్టమేముందని అనుకుంటారు.

దేహంలోని పెద్ద కండరాలు తొడలలో, పిరుదులలో, పిక్కలలో ఉన్నాయి. మనం తిన్న అన్నం జీర్ణమై చక్కెరగా రక్తంలో చేరినప్పుడు, దానిలో అధిక భాగాన్ని పీల్చుకొని వాడుకొనేవి కండరాలే. అందుకు వాటికి ఇన్సులిన్ కావాలి. కానీ కండరం పనిలో ఉన్నప్పుడు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే చక్కెరను లోనికి తీసుకోగలదు. సృష్టికర్త పెట్టిన రెండవ ద్వారం అది. మనం కూర్చోగానే ఆ ద్వారం మూసుకుంటుంది. చక్కెర రక్తంలోనే నిలిచి ఉంటుంది, దానిని దించడానికి క్లోమ గ్రంథి మరింత ఇన్సులిన్ స్రవించవలసి వస్తుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే కండరాలు ఇన్సులిన్ మాట వినడం మానివేస్తాయి, గ్రంథి అలసిపోతుంది. మనవారు "షుగర్ వచ్చింది" అంటారు గాని, అది ఒక్కనాడు వచ్చినది కాదు.

కొవ్వు సంగతీ ఇంతే. రక్తంలోని కొవ్వును విడగొట్టి కండరానికి అందించే ఒక ఎంజైము ఉంది. కదలిక లేని కండరంలో దాని పని మందగిస్తుంది. వాడుకకు రాని కొవ్వు పొట్టలో, కాలేయంలో పేరుకుంటుంది.

ఇక రక్త ప్రసరణ. గుండె నుండి పాదాలకు రక్తం దిగడం సులభమే. పాదాల నుండి పైకి ఎక్కడమే కష్టం. కాళ్ల సిరలలో రక్తాన్ని వెనుకకు జారనివ్వని చిన్న చిన్న కవాటాలు ఉన్నాయి. మనం అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి, సిరను నొక్కి, రక్తాన్ని పైకి తోస్తుంది. పిక్కను రెండవ గుండె అని వైద్యులు అనడం ఇందుకే. కాళ్లు వేలాడదీసి గంటల కొద్దీ కూర్చుంటే ఆ రెండవ గుండె ఆగినట్టే. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు బిగుసుకుపోవడం మీలో కొందరికి అనుభవమే.

వెన్నుపూసల మధ్యనున్న మెత్తని బిళ్లలకు రక్తనాళాల సదుపాయం బహు స్వల్పం. వాటికి పోషణ అందేది మనం వంగి, లేచి, కదిలినప్పుడు కలిగే ఒత్తిడి మార్పుల వల్ల. ఒకే భంగిమలో వంగి కూర్చునే దర్జీకి, మగ్గం పనివారికి నడుము నొప్పి ఎందుకు వదలదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఇవి కొత్తగా కనిపెట్టిన మాటలు కావు. ఇబ్న్ సీనా తన "అల్ ఖానూన్"లో ఆరోగ్యవంతుల జీవన నియమాలను చెబుతూ వ్యాయామాన్ని ఆహారం కంటే, నిద్ర కంటే ముందు నిలిపాడు. ఆయన గతించినది 1037లో. యునానీ వైద్యులు మనిషి ఆరోగ్యానికి తప్పనిసరి అని లెక్కించే ఆరు విషయాలలో దేహపు కదలిక, విశ్రాంతి ఒకటి. ఆ రెండింటినీ జతగా చెప్పడంలోనే వివేకం ఉంది. ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు 1700లో వృత్తుల వల్ల వచ్చే రోగాలపై గ్రంథం రాసి, కూర్చుని పనిచేసే దర్జీలకు, చెప్పులు కుట్టేవారికి వచ్చే బాధలను ప్రత్యేకంగా వర్ణించాడు.

కానీ కూర్చోవడం గుండెకు చేసే కీడును లెక్కలతో ముందుగా చూపినది లండన్ నగరపు బస్సులు. మన ప్రాంతంవారికి ఈ ఉదాహరణ సులభంగా అర్థమవుతుంది, గనుక కొంచెం వివరిస్తాము.

తిరుపతిలో మనం నిత్యం చూసే దృశ్యమే తీసుకుందాము. అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు. మన హైందవ సోదరులలో వేలాది మంది వాటిని నడిచి ఎక్కుతారు. 1944లో మొదటి కనుమదారి తెరిచేంత వరకు కొండ మీదికి వెళ్లాలంటే నడక, కాదంటే డోలీ. ఇప్పుడు బస్సులు, జీపులు, కార్లు రేయింబవళ్లు తిరుగుతున్నాయి. వాటిని నడిపేవారిలో మనవారూ ఉన్నారు. అలాంటి డ్రైవరు ఒకే రోజులో కొండ ఎన్నోసార్లు ఎక్కి దిగుతాడు. అతని కాళ్లు మాత్రం ఒక్క మెట్టూ ఎక్కవు.

లండన్‌లోని రెండంతస్తుల బస్సులలో డ్రైవరు తన షిఫ్టు అంతా కూర్చునే ఉండేవాడు. కండక్టరు టిక్కెట్లు ఇస్తూ కింది అంతస్తు నుండి పై అంతస్తుకు రోజూ వందలాది మెట్లు ఎక్కి దిగేవాడు. ఇద్దరూ ఒకే సంస్థ ఉద్యోగులు, దాదాపు ఒకే తరహా కుటుంబాలవారు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వీరి ఆరోగ్య వివరాలను పోల్చి 1953లో "లాన్సెట్" వైద్య పత్రికలో ప్రకటించారు. గుండె జబ్బు డ్రైవర్లలో ఎక్కువ, కండక్టర్లలో తక్కువ. వచ్చినా కండక్టర్లకు ఆలస్యంగా, అంత తీవ్రం కాకుండా వచ్చింది.

బుద్ధిమంతులు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. డ్రైవరుకు రద్దీలో బండి నడిపే ఒత్తిడి కూడా ఉంది కదా, గుండెను దెబ్బతీసినది అదేనేమో? న్యాయమైన ప్రశ్నే. అందుకే మోరిస్ బృందం తపాలా శాఖలోనూ వెదికింది. అక్కడ నడిచి ఉత్తరాలు పంచేవారికీ, బల్ల ముందు కూర్చునే గుమాస్తాలకూ మధ్య అదే తేడా కనిపించింది. బస్సు ఉద్యోగుల యూనిఫారాల కొలతలు పరిశీలించినప్పుడు డ్రైవర్ల నడుము కొలత పెద్దదని కూడా తరువాత తేలింది. కాబట్టి తేడా మొత్తం కూర్చోవడం వల్లనే అని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కానీ ఆ నాటి నుండి నేటి వరకు జరిగిన పరిశోధనలు ఆ దిశనే బలపరిచాయి.

మన దేశం సంగతి చూడండి. భారత వైద్య పరిశోధనా మండలి చేయించిన విస్తృత సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. దాని అంచున నిలిచినవారు మరో 13 కోట్ల 60 లక్షలు. ఈ మస్జిద్‌లో మన వరుసలను ఒకసారి తలచుకుంటే ఆ అంకెలు ఎక్కడో ఢిల్లీలో లెక్క కట్టినవిగా తోచవు. స్విమ్స్‌లో, రుయాలో, వేలూరు సీఎంసీలో ఓపీ చీటీ కోసం నిలబడినవారిలో మన ఇళ్లవారు లేని రోజు ఉండదు.

"మేము బక్కపలచగా ఉన్నాము, మాకు రాదు" అనేవారికి ఒక మాట. మన దేశస్థులలో చేతులు కాళ్లు సన్నగా ఉండి, పొట్ట మాత్రం ముందుకు వచ్చినవారు ఎక్కువ. తూకపు యంత్రం వీరిని పట్టుకోలేదు. నడుముకు టేపు వేసి కొలవాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు మన దేశానికి గీసిన గీత. దర్జీ సోదరులు మన సమాజంలో ఎందరో ఉన్నారు. జుబ్బా కుట్టించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ కొలత ఒక్కటి అడిగి తెలుసుకుంటే ఖర్చు లేని పరీక్ష.

ఇక అందరూ అడిగే మాట. "ఫజ్ర్ తరువాత ఒక గంట నడుస్తున్నాము. పగలంతా కూర్చుంటే ఏమవుతుంది?"

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం వారానికి 150 నుండి 300 నిమిషాల పాటు చురుకైన నడక వంటి శ్రమ పెద్దలకు అవసరం. కూర్చునే సమయాన్ని తగ్గించమని కూడా ఆ సంస్థ వేరుగా చెప్పింది. 2016లో పది లక్షల మందికి పైగా వివరాలను కలిపి చూసిన ఒక అధ్యయనం "లాన్సెట్"లో వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవారికి త్వరగా మరణించే ప్రమాదం ఎక్కువ. కానీ వారిలోనే రోజుకు 60 నుండి 75 నిమిషాలు చురుకుగా నడిచేవారిలో ఆ అదనపు ప్రమాదం దాదాపు కనిపించలేదు. కనుక గంట నడిచేవారు నిరుత్సాహపడవద్దు. మీ నడక వృథా కాదు. అయితే నిజంగా గంట పైబడి, చెమట పట్టేలా నడిచేవారు ఎందరు? నాలుగడుగులు వేసి, టీ బంకు దగ్గర ముప్పావు గంట లోకాభిరామాయణం చెప్పుకోవడాన్ని నడక కింద లెక్క వేయలేము.

ఇంతకంటే సులభమైన మార్గం ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో పరిశోధకులు అధిక బరువున్న పెద్దలకు తీపి పానీయం ఇచ్చి ఐదు గంటలు కూర్చోబెట్టారు. మరొక రోజు అదే పానీయం ఇచ్చి, ప్రతి 20 నిమిషాలకు రెండు నిమిషాలు మెల్లగా నడిపించారు. కేవలం ఆ రెండేసి నిమిషాల వల్ల రక్తంలో చక్కెర పెరుగుదల సుమారు నాలుగో వంతు తగ్గింది. 2012లో ప్రకటితమైన ఫలితం ఇది. ఎంత సేపు కూర్చున్నామన్నది ఒక లెక్క. మధ్యలో ఎన్నిసార్లు లేచామన్నది మరొక లెక్క. రెండవ దానిని మనం పూర్తిగా మరచిపోయాము.

ఇక్కడ నమాజు ప్రస్తావన రాక తప్పదు. నమాజు గొప్ప వ్యాయామమని, అందుకే విధి అయిందని కొందరు ఉత్సాహంగా ప్రసంగిస్తారు. ఆ మాటతో మేము ఏకీభవించము. నమాజు ఆరాధన. అల్లాహ్ ఆజ్ఞ గనుక చేస్తాము, మోకాళ్లకు మంచిదని కాదు. రోజుకు 17 ఫర్జ్ రకాతులు, 34 సజ్దాలు వయసు మళ్లినవారి కీళ్లకు మేలు చేయడం నిజమే. కానీ ఐదు పూటలా నమాజు చేసేవాడికి షుగర్ రాదని ఎవరైనా అంటే నమ్మవద్దు.

నమాజు మనకు చూపే మేలు వేరొక చోట ఉంది. అది రోజును ముక్కలు చేస్తుంది. పనిలో ఎంత మునిగి ఉన్నా లేపుతుంది. బనూ సలిమా తెగవారి ఇళ్లు మస్జిదె నబవీకి దూరంగా ఉండేవి. దగ్గరకు మారాలని వారు తలచినప్పుడు, ఉన్న చోటనే ఉండమని, వారి అడుగులు రాయబడతాయని దైవప్రవక్త (స) వారికి తెలియజేశారు. ఖుబా మస్జిద్‌కు శనివారం నాడు ఒక్కోసారి నడిచి, ఒక్కోసారి వాహనంపై వెళ్లడం వారి అలవాటు. మదీనా మస్జిద్ నుండి అది సుమారు మూడు కిలోమీటర్లు. మనమో, రెండు వీధుల అవతల ఉన్న మస్జిద్‌కు బండి మీద వస్తున్నాము. జుమా రోజున మస్జిద్ ముందు బండ్లు నిలపడానికి చోటు చాలక బాటసారులకు ఇబ్బంది కలిగించడం అదనం. కాళ్లు బాగున్నవారు, కిలోమీటరు లోపు ఉన్నవారు వచ్చే జుమా నుండి నడిచి రండి.

మరొక మాట. జుహ్ర్, అసర్, మగ్రిబ్, ఇషా దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఫజ్ర్‌కూ జుహ్ర్‌కూ మధ్య ఏడెనిమిది గంటల ఎడం ఉంది. అంగడి, ఆఫీసు పని సాగేది ఆ ఎడంలోనే. ఆ సమయంలో మనలను లేపే అజాన్ లేదు, మనమే లేవాలి. గిరాకీ లేనప్పుడు అంగడి ముందుకు వచ్చి నిలబడండి. నీళ్ల సీసా చేతికి అందేంత దూరంలో పెట్టుకోకుండా, లేచి వెళ్లి తాగవలసిన చోట ఉంచండి. ఫోను మోగితే నిలబడి మాట్లాడండి. ఆటో స్టాండులో వరుస కోసం ఎదురు చూసే సోదరులు బండి లోపలే ఒరగకుండా దిగి నాలుగడుగులు వేయండి. చాష్త్ నమాజు అలవాటున్నవారికి ఆ ఎడంలో పుణ్యమూ కదలికా రెండూ దొరుకుతాయి.

ఇప్పుడు మేము ముఖ్యంగా చెప్పదలచిన విషయానికి వస్తున్నాము. ఇంతసేపూ పురుషుల గురించే మాట్లాడాము. మన ఇళ్లలోని స్త్రీల సంగతి ఏమిటి?

2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు వివిధ దేశాల వివరాలు ప్రకటించారు. 2022 నాటికి మన దేశపు పెద్దవారిలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. పురుషులలో ఇది నూటికి 42, స్త్రీలలో నూటికి 57. "ఇంటి పని చేస్తారు కదా" అని మీరు అనవచ్చు. నిజమే, ఇల్లు ఊడ్చి, తుడిచి, బట్టలు ఉతికి ఆరవేసే తల్లి శ్రమ శ్రమే. దానిని ఎవరూ చిన్నచూపు చూడరాదు. కానీ ఆ పని ముగిశాక ఆదాయం కోసం చేసే పని ఏమిటి? మగ్గం వర్కు. చెక్క చట్రానికి బట్ట బిగించి, కాళ్లు ముడుచుకొని, తల వంచి, పూసా జర్దోసీ కుట్టే పని. పెళ్లిళ్ల కాలంలో అర్ధరాత్రి దాకా అదే. ఒక జాకెట్టు పూర్తయ్యేసరికి మెడ పట్టేస్తుంది, కళ్లు మసకబారతాయి. ఆ డబ్బుతో ఇల్లు గడుస్తుంది, పిల్లల ఫీజులు కడతారు. ఆ చెల్లెలికి వైద్యుడు "రోజూ నడవమ్మా" అని చీటీ రాస్తే ఆమె ఎక్కడ నడవాలి?

తిరుపతిలో ప్రకాశం పార్కులో, విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, చిత్తూరులో మెసానికల్ మైదానంలో తెల్లవారుజామున నడిచేవారిని చూడండి. మన స్త్రీలు ఎందరు కనబడతారు? కొందరిని భర్తలు వెళ్లనివ్వరు. కొందరు ఇరుగుపొరుగు ఏమంటారోనని తామే ఆగిపోతారు. పర్దా పేరు చెప్పి వారిని ఇంట్లో కూర్చోబెట్టేవారు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. ప్రయాణంలో దైవప్రవక్త (స) తమ సతీమణి ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఒకసారి ఆమె గెలిచారు, తరువాత మరొకసారి ఆయన గెలిచారు. హదీసు గ్రంథాలలో భద్రంగా ఉన్న విషయమిది. పర్దా అంటే మర్యాదకు సంబంధించిన నియమం. దేహానికి అవసరమైన దానిని నిషేధించే ఆజ్ఞ కాదు. భార్య షుగర్ మందులకు నెలనెలా డబ్బు ఇచ్చే భర్త, ఆమె అరగంట నడకకు అనుమతి ఇవ్వకపోవడం ఏ న్యాయం? వీలైతే మీరే తోడు వెళ్లండి. ఇద్దరికీ నడక అవుతుంది, నాలుగు మాటలూ కలుస్తాయి.

మస్జిద్ కమిటీల పెద్దలకు, ముతవల్లీలకు ఒక విన్నపం. మన ఊళ్లలో ఈద్‌గాహ్ మైదానాలు ఉన్నాయి. చాలా వాటికి ప్రహరీ గోడ ఉంది. ఏడాదిలో రెండు పండుగ ఉదయాలు తప్ప తక్కిన రోజులలో అవి ఖాళీగానే ఉంటాయి. ముఫ్తీ సాహెబులను సంప్రదించి, స్థలం పవిత్రతకూ వక్ఫు నియమాలకూ భంగం కలగకుండా, ఉదయం ఒక గంట, అసర్ తరువాత ఒక గంట స్త్రీల నడకకు కేటాయించడానికి వీలుంటుందేమో ఆలోచించండి. ఖర్చు ఒక కాపలా మనిషి జీతం, రెండు దీపాలు. అది కుదరని చోట ఇంటి మిద్దె ఉంది, వరండా ఉంది. చోటు చిన్నదైనా పది నిమిషాల చొప్పున మూడు సార్లు తిరిగితే అరగంట అవుతుంది. మగ్గం ముందు కూర్చునే చెల్లెళ్లు దారం మార్చినప్పుడల్లా లేచి నిలబడే నియమం పెట్టుకుంటే, గడియారం చూడవలసిన పని కూడా లేదు.

మస్జిద్‌లలో కుర్చీల గురించి. పదిహేనేళ్ల కింద గోడవారగా రెండు కుర్చీలుండేవి, ఇప్పుడు వరుసలే వెలిశాయి. నిలబడలేనివారికి, సజ్దా చేయలేనివారికి షరీఅత్ సడలింపు ఇచ్చింది. దానిని వాడుకున్నవారిని ఎవరూ వేలెత్తి చూపరాదు, వారి నొప్పి వారికే తెలుసు. అయితే ఫర్జ్ నమాజులో నిలబడగలిగినవారికి ఖియామ్ విధి. బజారులో గంటసేపు నిలబడి కూరగాయలు బేరమాడేవారు మస్జిద్‌లో కుర్చీ వెదకడం ఆలోచించవలసిన విషయమే. దీనికి దేహపరమైన కోణమూ ఉంది. మోకాలిని పట్టి నిలిపేది తొడ ముందుభాగపు కండరం. కూర్చునే కొద్దీ అది బలహీనపడుతుంది, మోకాలిపై భారం పెరుగుతుంది, నొప్పి హెచ్చుతుంది, నొప్పి వల్ల ఇంకా కూర్చుంటాము. ఈ వలయంలో పడక ముందే వైద్యుణ్ణి అడిగి తొడ కండరానికి బలమిచ్చే తేలికపాటి కసరత్తులు నేర్చుకోండి. చేతుల ఊతం లేకుండా కుర్చీలో నుండి లేచి, మళ్లీ కూర్చోవడం వాటిలో ఒకటి. మొదట ఐదు సార్లు చాలు.

మద్రసా పిల్లలనూ మరువరాదు. హిఫ్జ్ విద్యార్థి ఫజ్ర్ ముందు నుండి ఇషా తరువాత వరకు రెహల్ ముందు కూర్చుంటాడు. అసర్ నుండి మగ్రిబ్ వరకు పాఠం పెట్టకుండా పిల్లలను ఆటలకు వదలడం మన మద్రసాల పాత సంప్రదాయం. ఇటీవల కొందరు తల్లిదండ్రులు ఆ సమయంలోనూ ట్యూషన్ పెట్టమని అడుగుతున్నారు. ఉస్తాదులు ఒప్పుకోవద్దు. బడి పిల్లల తల్లిదండ్రులకూ మా మనవి ఇదే, అసర్ వేళ పిల్లవాడి చేతిలో ఫోను కాదు, బంతి ఉండాలి.

చివరగా, ఉమ్రాకు, హజ్‌కు వెళ్లేవారికి. సఫా మర్వాల మధ్య ఏడు నడకలు కలిపితే మూడు కిలోమీటర్లు దాటుతుంది. తవాఫులు, మినాలో నడకలు దీనికి అదనం. ముప్పయ్యేళ్లు గల్లాపెట్టె వెనుక కూర్చుని, విమానం దిగిన మరునాడే ఆ నడక నడవాలంటే కాళ్లు సహకరించవు. దరఖాస్తు వేసిన రోజునే నడక మొదలు పెట్టండి. మొదటి వారం రోజుకు పది నిమిషాలు, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ పోతే మూడు నెలలలో గంట దాటుతుంది. గుండె జబ్బు, షుగర్ ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. షుగర్ ఉన్నవారు పాదాలకు సరిపోయే, పుండ్లు పడనివ్వని చెప్పులు ఎంచుకోవాలి.

ప్రయాణంలో మరొక ప్రమాదం ఉంది. 1940లో లండన్‌పై బాంబులు పడుతున్న రోజులలో జనం రాత్రంతా నేలమాళిగలలో కుర్చీలలో కూర్చునేవారు. వారిలో కొందరు బాంబు తగలకుండానే అకస్మాత్తుగా మరణించారు. కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులలో అడ్డుపడిందని శవపరీక్షలలో తేలింది. విమానంలో ఐదారు గంటలు, లారీలో రాత్రంతా, బస్సులో హైదరాబాదు దాకా కూర్చునేవారికీ ఇది వర్తిస్తుంది. గంటకొకసారి లేవండి. లేవడానికి వీలు లేకపోతే కూర్చున్న చోటనే మడమలు ఎత్తి దించుతూ పిక్కలను ఆడించండి. నీళ్లు తాగడం మానవద్దు. ప్రయాణం తరువాత ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే దానికి నూనె రాసి మర్దన చేయవద్దు. మర్దన వల్ల గడ్డ కదిలే ప్రమాదం ఉంది. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. దానితోపాటు ఆయాసమో, రొమ్ములో నొప్పో వస్తే ఇంటి వైద్యాలతో కాలహరణం చేయక వెంటనే 108కి ఫోన్ చేయండి.